ఆచారమా, మతమా? ‘ద రివర్ బిట్వీన్’ నవలయందు స్త్రీ సున్నతి: ఒక దైవశాస్త్ర విమర్శ

ఆఫ్రికాలో బాలికలకు చేయు సున్నతిని గూర్చి మన సంఘములలో ఎప్పుడు ప్రస్తావన వచ్చినా రెండు మాటలు వినబడతాయి. ఒకటి, అది ముసల్మానుల మతాచారము అనేది. రెండవది కొంత చదువుకొన్నవారి మాట: అది మతము కాదు, ఆచారము మాత్రమే అనేది. మొదటి మాట తప్పు. రెండవది ఒప్పే గాని, ఆ మాటను సంఘము ఎందునిమిత్తము వాడుకొంటున్నదో చూచినప్పుడు మాకు నెమ్మది కలుగుట లేదు. ఈ వ్యాసములో మేము కెన్యా దేశపు రచయిత గూగీ వా థియోంగో వ్రాసిన ‘ద రివర్ బిట్వీన్’ (1965) నవలను ఆధారము చేసికొని ఈ రెండవ మాటను పరిశీలింపదలచాము.

2025 మే నెలలో మరణించిన గూగీ తెలుగు పాఠకులకు క్రొత్తవారు కారు. ఆయన ‘డెవిల్ ఆన్ ద క్రాస్’ నవలను వరవరరావు జైలులో ఉండగా తెలుగు చేశారు. కనుక మన సాహితీలోకము గూగీని విప్లవ రచయితగానే ఎరుగును. ఆయన ప్రొటెస్టెంటు మిషనులు కూడి స్థాపించిన అలయన్స్ ఉన్నత పాఠశాలలో చదివినవాడనియు, జేమ్స్ అను పేరుతోనే తొలి నవలలు ప్రచురించినవాడనియు తెలిసినవారు తక్కువ. ‘ద రివర్ బిట్వీన్’ లోపలినుండి మిషను సంఘమును ఎరిగిన మనిషి వ్రాసిన పుస్తకము. దానిని సాహిత్య విద్యార్థులకు వదలివేసి మనము ఊరకుండుట తగదని మా అభిప్రాయము.

వాస్తవములు

ముందుగా సంగతి ఏమిటో స్పష్టముగా చెప్పుకొనవలెను. ‘సున్నతి’ అను మాట చేత ఇది మగపిల్లల సున్నతి వంటిదేనని పాఠకులు అనుకొనే ప్రమాదమున్నది. అది కాదు. వైద్య కారణమేదియు లేకుండ బాలిక బాహ్య జననాంగములను కొంతగాని పూర్తిగాగాని కోసివేయుట, కోసి కుట్టివేయుట, గుచ్చుట, గాటుపెట్టుట, ఇవన్నియు ఇందులోనికి వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని స్త్రీ జననాంగ ఛేదనము అని పిలుస్తూ నాలుగు రకములుగా విభజించింది. ఆ సంస్థ ఆరు ఆఫ్రికా దేశములలో 28 వేలకు పైగా ప్రసవ స్త్రీలను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, ఛేదనము తీవ్రమైన కొలది ఆపరేషను కాన్పులు, కాన్పు తరువాతి రక్తస్రావము, శిశుమరణములు హెచ్చుతాయి. దీనికి గురియై నేడు జీవించియున్న స్త్రీలు, బాలికలు 23 కోట్లకు పైగా ఉన్నారని యూనిసెఫ్ 2024లో అంచనా వేసింది.

ఇది ఎంత పాతదో చెప్పుటకు ఒక చిన్న ఆధారము చాలును. ఐగుప్తులోని మెంఫిసు, అనగా మన బైబిలులోని నోపు పట్టణములో, సున్నతి వయస్సు వచ్చిన ఒక బాలికకు చెందవలసిన సొమ్మును గూర్చిన తగాదా క్రీ.పూ. 163 నాటి గ్రీకు పత్రమొకదానిలో కనబడుతుంది. అప్పటికి క్రైస్తవ్యము లేదు, ఇస్లాము లేదు. ఖురానులో దీని ప్రస్తావన లేదు. అబూ దావూద్ సంకలనములోని ఒక హదీసును కొందరు ఆధారముగా చూపుతారు గాని, దానిని బలహీనమైనదిగా ఎంచినవాడు ఆ సంకలనకర్తయే. అయినను షాఫియీ ధర్మశాస్త్ర సంప్రదాయములో దీనిని విధిగా ఎంచిన పండితులు లేకపోలేదు. ఐగుప్తు ప్రధాన ముఫ్తీ 2007లో దీనిని నిషిద్ధమని ప్రకటించారు. మన గ్రంథమునకు వచ్చినట్లయితే, ఆదికాండము 17వ అధ్యాయములోని నిబంధన మగవారికి మాత్రమే చెప్పబడినది. స్త్రీకి సున్నతి అనునది పాత నిబంధనలో గాని క్రొత్త నిబంధనలో గాని ఎక్కడను లేదు.

క్రైస్తవులలో ఇది లేదా? ఉన్నది. కెన్యా పశ్చిమ భాగములో కిసీ జాతివారు, లువో జాతివారు ఇరుగుపొరుగువారు. రెండు జాతులలోను క్రైస్తవులే అధికులు. సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘములు ఇటును ఉన్నాయి, అటును ఉన్నాయి. ఒకే వాక్యము, ఒకే విశ్రాంతిదినము. అయితే 2014 నాటి జాతీయ ఆరోగ్య సర్వేలో కిసీ స్త్రీలలో 84 శాతము ఛేదనమునకు గురియైనవారు కాగా, లువో స్త్రీలలో ఒక శాతము కూడ లేరు. ఆదివారమును విడిచి శనివారమును ఆచరించుటకు సిద్ధపడినవారు ఈ ఒక్కదానిని విడువలేదు. ఇది మతమునుండి పుట్టినది కాదనుటకు ఇంతకంటె తేటయైన నిదర్శనము మాకు దొరకలేదు.

ఇంకొక సంగతి కూడ చెప్పి ముందుకు పోతాము. 1860 ప్రాంతములో లండనులో ఐజక్ బేకర్ బ్రౌన్ అను శస్త్రవైద్యుడు మూర్ఛ, ఉన్మాదము మొదలైన వాటికి చికిత్స అని చెప్పి స్త్రీలకు ఇటువంటి ఛేదనమే చేశాడు. 1867లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘము అతనిని బహిష్కరించింది. స్కాట్లండు మిషనెరీలు కికూయు కొండలలో ఈ ఆచారమును ఖండించుటకు దశాబ్దముల ముందటి మాట ఇది. ‘చీకటి ఖండము’ అని వ్రాయుట మానని మన పుస్తకములు ఈ సంగతిని కూడ వ్రాసియుంటే బాగుండేది.

నవలలోని ముథోని

కథ క్లుప్తముగా ఇది. కామెనో, మకుయు అను రెండు గట్లు ఎదురెదురుగా ఉన్నాయి. వాటి నడుమ హోనియా నది పారుతుంది. ఆ పేరునకు స్వస్థపరచునది, బ్రదికించునది అని అర్థము. కామెనోలో చేగె అను పెద్ద తన కుమారుడైన వైయాకిని సిరియానా మిషను పాఠశాలకు పంపుతాడు, తెల్లవారి విద్య నేర్చికొని తన జనులను విడిపించవలెనని. మకుయులో జాషువా అను బోధకుడు ఉన్నాడు. అతని భార్య మిరియాము, కుమార్తెలు న్యాంబుర, ముథోని. చిన్నదైన ముథోని ఒక దినము అక్కతో తాను సున్నతి పొందగోరుచున్నానని చెప్పి, ఇల్లు విడిచి కామెనోలోని మేనత్త యింటికి పోతుంది. సున్నతి జరుగుతుంది. గాయము మానదు. వైయాకి మొదలైనవారు ఆమెను సిరియానా ఆసుపత్రికి చేర్చుతారు. అక్కడ ఆమె చనిపోతుంది.

ముథోని అక్కతో చెప్పిన వాదము చాల సామాన్యమైనది. తండ్రియు తల్లియు సున్నతి పొందినవారే, అయినను క్రైస్తవులుగానే ఉన్నారు గదా, తనకు మాత్రము ఎందుకు అడ్డు? జాషువా యొద్ద దీనికి జవాబు లేదు. అతడు చేయగలిగినది ఒక్కటే, సున్నతి పొందిన స్త్రీని వివాహము చేసికొన్నందుకు దేవుని క్షమాపణ వేడుకొనుట. అనగా తన యింటిలో తనకు వండి పెట్టుచున్న భార్య శరీరమే అతనికి ఒక పాపముగా కనబడుతుంది. కుమార్తె వెళ్లిపోయిన దినముననే ఆమె తనకు లేదనుకొంటాడు. మరణవార్త వచ్చినప్పుడు ఏడువడు. మేము పాస్టరులము గనుక జాషువాను చదువుచున్నప్పుడు మాకు కోపముకంటె భయమే ఎక్కువగా కలిగినది. అతని ప్రసంగములవంటి ప్రసంగములు మేమును చేసియున్నాము.

మరణఘడియలో ముథోని తన అక్కకు పంపిన వర్తమానములో రెండు సంగతులున్నాయి. తాను యేసును చూచుచున్నానని ఒకటి, తన జాతి రీతిలో తాను స్త్రీనైతినని మరియొకటి. ఈ రెంటిలో దేనిని ఆమె విడువలేదు. ఇందువలన కొందరు విమర్శకులు ఆమెను రెండు గట్లను కలుపగోరిన హతసాక్షిగా, క్రీస్తువంటి బలిగా వర్ణించారు. ఆ పోలికతో మేము ఏకీభవించలేము. క్రీస్తు మరణము ఇక ఏ శరీరమును బలిగా అడుగకుండునట్లు ఒక్కమారే జరిగినదని హెబ్రీ పత్రిక బోధ. ముథోని మరణము తరువాత ఆ గట్లమీద బాలికల సున్నతి ఆగలేదు సరికదా, మరింత పట్టుదలతో సాగుతుంది. ఆమె మరణము ఎవరిని విడిపించినది?

ఇక్కడ నవలలోని ఒక లోపమును చెప్పక తప్పదు. వైయాకి సున్నతిని గూగీ మనకు చూపుతాడు. తెల్లవారుజామున నది నీళ్ల చలి, కత్తి, నేలమీద రక్తము, ఆ రక్తము చేత అతనికిని ఆ భూమికిని ఏర్పడిన బంధము, అన్నియు వివరముగా ఉన్నాయి. ముథోని సున్నతిని చూపడు. ముందటి రాత్రి నాట్యమును చూస్తాము, తరువాత మానని గాయమును గూర్చి వింటాము. మధ్యనున్నది లేదు. బాలుని రక్తము భూమితో నిబంధన కాగా, బాలిక రక్తము ఒక వార్త మాత్రమే అయినది. నవల చివరిలో వైయాకి ఆలోచన కూడ ఇదే దారిలో పోతుంది: ఆ శరీరక్రియ ముఖ్యము కాదు, అది మనిషిలోపల చేయునది ముఖ్యము, ఒక్క రాత్రిలో మాన్పింప వీలులేదు, విద్య కావలెను, ఓర్పు కావలెను. మంచి మాటలే. అయితే ఆ శరీరక్రియ వలన ఒక బాలిక చనిపోయినదని తన కన్నులతో చూచినవాడు ‘ముఖ్యము కాదు’ అని తలపోయుట ఎట్లు? రచయిత ఇక్కడ తన నాయకునితో ఏకీభవించుచున్నట్లే మాకు తోచినది. ఆచారపు అర్థమును గూర్చి ఎంత చక్కగా మాటలాడితే శరీరము అంత సులభముగా మరుగైపోతుంది.

మిషను చేసిన పని

గూగీ కల్పన చరిత్రకు దూరమైనది కాదు. నవలలో ముథోని మరణము తరువాత సిరియానా మిషను, ఆచారమును విడువనివారి పిల్లలను పాఠశాలనుండి వెళ్లగొట్టుతుంది. ప్రజలు స్వంత పాఠశాలలు కట్టుకొంటారు. నిజముగా జరిగినది ఇంచుమించు ఇదే. స్కాట్లండు సంఘపు మిషను నాయకుడైన డాక్టరు జాన్ ఆర్థరు మిషను ఆసుపత్రిలో ఈ గాయములను కండ్లార చూచినవాడు. ఆయన బాధను మేము శంకించము. 1929లో స్కాట్లండు మిషను, ఆఫ్రికా ఇన్లండు మిషను తదితర సంఘములు, ఈ ఆచారమును పాటించువారికి సంఘ సభ్యత్వము లేదని తీర్మానించాయి. అదే సంవత్సరము ఉపాధ్యాయులు, సభ్యులు ఈ ఆచారమును విసర్జించుచున్నట్లు ప్రమాణపత్రముపై వ్రేలిముద్ర వేయవలసి వచ్చినది. ఆ వ్రేలిముద్రను కికూయులు ‘కిరోరె’ అన్నారు, ఆ ప్రమాణమునకే ఆ పేరు స్థిరపడినది. వేలాదిమంది సంఘములనుండి వెళ్లిపోయారు. మిషనెరీలను ఎగతాళి చేయు ‘ముథిరిగు’ అను పాటల నాట్యము కొండలంతట వ్యాపించగా 1930లో ప్రభుత్వము దానిని నిషేధించింది. 1930 జనవరిలో కిజాబెలో హల్డా స్టంప్ఫ్ అను అమెరికా మిషనెరీ స్త్రీ తన గృహములో చంపబడినది. ఆ మరణమునకు ఈ వివాదముతో ఉన్న సంబంధము న్యాయస్థానములో తేలలేదు. వెళ్లిపోయినవారు స్వతంత్ర పాఠశాలలు, వాటితోపాటు స్వతంత్ర సంఘములు స్థాపించుకొన్నారు.

ఈ చరిత్రలో మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది ఒక అనువాద సంగతి. కికూయు భాషలో సున్నతి పొందని బాలికను ‘కిరీగు’ అంటారు, అది తిట్టువంటి మాట. సున్నతి పొందిన కన్నెను ‘ముయిరీతు’ అంటారు. పెండ్లీడు కన్నెను మర్యాదగా పిలుచుటకు ఆ భాషలో వేరొక మాట లేదు. బైబిలు అనువాదకులు కన్యయైన మరియను ముయిరీతు అనే వ్రాశారు. వివాదము వచ్చినప్పుడు ఆచారమును సమర్థించిన క్రైస్తవులు ఆ మాటనే చూపించి, ప్రభువు తల్లియే సున్నతి పొందినదైతే మా కుమార్తెలకు ఏల నిషేధము అని అడిగారు. మన తెలుగు బైబిలులో ‘కన్యక’ అని చదువుకొని సాగిపోవు మనకు ఇది విడ్డూరముగా తోచవచ్చును. అయితే వారి ప్రశ్న అల్లరిప్రశ్న కాదు. వారి భాషలో స్త్రీత్వమునకు మర్యాద ఆ కత్తిగుండానే వస్తుంది. మిషను ఆ మర్యాదను మరియకు ఇచ్చి వారి కుమార్తెలకు నిరాకరించింది. వేరొక మర్యాదను చూపలేదు.

జోమో కెన్యాట్టా ఇదే స్కాట్లండు మిషనులో చదివి 1914లో బాప్తిస్మము పొందినవాడు. 1938లో ప్రచురించిన ‘ఫేసింగ్ మౌంట్ కెన్యా’ గ్రంథములో ఆయన, ఈ క్రియ లేనిదే జాతియొక్క ధర్మము, మతము, నీతి, వీటి బోధ అంతయు నిలువదు అన్న అర్థమిచ్చునట్లు వాదించాడు. గమనించవలెను, ‘మతము’ అను మాట కూడ అందులో ఉన్నది. 1929కి ముందు కికూయు క్రైస్తవులలో కొందరు దీనిని నెమ్మదిగా విడిచిపెట్టుచుండిరి. వ్రేలిముద్ర అడిగిన తరువాత దానిని విడుచుట అనగా జాతిని విడుచుట, దానిని పట్టుకొనుట అనగా తెల్లవారి యెదుట నిలుచుట అయినది. మతము కాని ఆచారమును మతముగా చేయుటలో మిషనుకు కూడ పాలున్నదని మేము చెప్పుట ఇందువలననే. నవలలోని కబోన్యి ఒకప్పుడు జాషువా అనుచరుడు. తరువాత అతడే ఆచార పరిశుద్ధతను కాపాడు ‘కియామ’కు నాయకుడగుతాడు. మేము జాగ్రత్తగా చదివితే అతడు మారినట్లు కనబడడు. పూర్వము సున్నతి లేకుండుట చేత మనుష్యులను కొలిచినవాడు ఇప్పుడు సున్నతి చేత కొలుచుచున్నాడు, అంతే.

అపొస్తలుల సభ చెప్పినది

ఇంతకును ఆచారమును మతమును వేరుచేయు ఈ గీత ఎక్కడనుండి వచ్చినది? క్రొత్త నిబంధనలో మాకు కనబడలేదు. అపొస్తలుల కార్యములు 15:1లో యూదయనుండి వచ్చినవారు సున్నతి లేనిదే రక్షణ లేదని బోధించారు. అక్కడ లూకా సున్నతిని గూర్చి వాడిన గ్రీకు మాట ‘ఎథొస్’, అనగా ఆచారము. రక్షణకు షరతుగా నిలువబెట్టబడిన దానికే ఆచారమని పేరు. యెరూషలేము సభ కూర్చుండి ఇది దైవాజ్ఞయా, పితరుల వాడుకయా అని తేల్చలేదు. అది దైవాజ్ఞయేనని అందరికిని తెలియును. ఆ సభ అడిగిన ప్రశ్న వేరు: ఈ కాడిని శిష్యుల మెడమీద ఎందుకు పెట్టవలెను? భారము ఎవరిమీద పడుచున్నదని చూచి తీర్పు చెప్పారు.

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 3:2లో పౌలు మరింత కఠినముగా మాటలాడాడు. సున్నతికి గ్రీకులో ‘పెరిటొమె’. పౌలు అక్కడ ఆ మాటను విరిచి ‘కటటొమె’ అన్నాడు. మన తెలుగు అనువాదకులు దానిని ‘ఛేదన’ అని సరిగానే తెచ్చారు. నేడు వైద్యులు ఈ ఆచారమునకు వాడుచున్న మాటయు అదే. అయితే ఈ వచనమును పట్టుకొని ఆఫ్రికా స్త్రీలమీదికి విసరుట అన్యాయము. పౌలు ఆ మాట అన్నది పొరుగు జనుల ఆచారమును గూర్చి కాదు, తాను ఎనిమిదవ దినమున పొందిన తన స్వంత నిబంధన గురుతును గూర్చి. దేవుడిచ్చిన గురుతు కూడ ఒకరి శరీరముమీద బలవంతపు షరతు అయినప్పుడు అతడు దానికి గౌరవనామము ఇయ్యలేదు. అట్లయితే మతమని చెప్పి గాని, ఆచారమని చెప్పి గాని తప్పించుకొనుటకు చోటు లేదు.

మన దేశములోనే దీనికి దృష్టాంతమున్నది. దావూదీ బోహ్రా సమాజములో బాలికలకు చేయు ఖఫ్జ్ అను ఆచారముపై 2017లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. 2018 సెప్టెంబరులో అది విస్తృత ధర్మాసనమునకు నివేదించబడినది. ఆ సమాజముతరఫువారు ఇది తమ మతవిధియేనని వాదించారు. హైదరాబాదు, సికిందరాబాదులలో మన పొరుగున వ్యాపారము చేసికొనుచున్న కుటుంబములలో ఆ సమాజమువారు ఉన్నారు, వారిలో దీనిని వ్యతిరేకించు స్త్రీలును ఉన్నారు. ‘అది మతము కాదు’ అను మన పాండిత్యము ఆ స్త్రీలకు ఎంతవరకు ఉపకరించును? న్యాయస్థానము రేపు అది మతములో అత్యావశ్యక భాగమని చెప్పినయెడల బాలిక శరీరము మరొకరి సొత్తు అగునా? కాదని చెప్పుటకు ఆ స్త్రీలు ఈ పాండిత్యముకొరకు వేచియుండలేదు.

మన యింటి సంగతి

మన తెలుగు సంఘములలో ఇట్టి ఛేదనము లేదు. దేవునికి స్తోత్రము. అయితే ఆ మాట, ‘మతము కాదు, ఆచారమే’ అనునది, ఉన్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంఘపెద్ద తన కుమార్తె పెద్దమనిషి అయినదని పందిరి వేసి, పీటమీద కూర్చుండబెట్టి, మమ్మును ప్రార్థనకు పిలిచారు. మేము కొంచెము తటపటాయించగా ఆయన, “మతం కాదు గదా అయ్యగారూ, ఆచారమే గదా” అన్నారు. మేము ప్రార్థన చేసి భోజనము చేసి వచ్చాము. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఆ వేడుకకును కత్తికిని పోలిక తేవలెనని కాదు, అట్లు తెచ్చుట ముథోనికి అవమానము. మేము చెప్పునది ఆ వాక్యమును గూర్చి. అది వినగానే మా నోరు మూతపడినది. ఆ పిల్లకు ఇది ఇష్టమా అని అడుగవలెనను తలంపు మాకు రాలేదు.

కులము విషయములోను మనము ఇదే విన్నాము. 1833లో బిషప్పు డేనియల్ విల్సన్ దక్షిణ భారత సంఘములలో కులభేదమును పూర్తిగా విడువవలెనని వ్రాయగా, ఆ తరువాతి కాలములో లైప్సిగ్ లూథరన్ మిషను దానిని మతముగా గాక లోకాచారముగా ఎంచవచ్చునని వాదించింది. ఆ వాదము ఇప్పుడు ఎవరును పత్రికలలో వ్రాయరు. పెండ్లి సంబంధములయొద్ద మాత్రము అందరును ఎరుగుదురు.

మరల కెన్యాకు వస్తాము. గూగీ ఈ నవల తొలి ప్రతిని 1960 ప్రాంతములో మకెరెరె కళాశాల విద్యార్థిగా వ్రాశారు. అంతకు కొద్దికాలము ముందు, 1956లో, మేరు జిల్లాలో పెద్దల సభయైన ఞ్జురి ఞ్చెకె ద్వారా ఈ ఆచారము నిషేధింపబడినది. బాలికలు అడవులలోనికి పోయి తమకుతామే ఛేదనము చేసికొన్నారు. వారిని ‘ఙ్గైతానా’ అన్నారు, నన్ను నేనే సున్నతి చేసికొంటాను అని ఆ మాటకు అర్థము. మూడు సంవత్సరములలో 2,400 మందికి పైగా మనుష్యులు నేరారోపణకు గురియైనారు. తండ్రిని ధిక్కరించి పోయిన ముథోని రచయిత ఊహ మాత్రమే కాదు. నిషేధము వారిని కాపాడలేదు. వారు దానిని కోరుకొన్నారు గనుక మంచిదే అనుటకును వీలులేదు. కిరీగు అని పిలువబడు బ్రతుకునకు మారుగా వారికి దొరికినది అదొక్కటే.

1996లో కెన్యాలోని థరాకా ప్రాంతమున కొన్ని కుటుంబములు, మైన్దెలెయో యా వనవాకె అను స్త్రీల సంస్థ సహాయముతో, మరొక మార్గము ప్రయత్నించాయి. దాని పేరు ‘ఞ్తానిరా నా ముగాంబొ’, మాటల ద్వారా సున్నతి అని అర్థము. బాలికలు ఒక వారము ఏకాంతములో ఉంటారు. పెద్దస్త్రీలు వారికి శరీరమును గూర్చి, వివాహమును గూర్చి, పెద్దల యెడల మర్యాదను గూర్చి బోధిస్తారు. చివరి దినమున ఊరంతయు కూడి పాటలు పాడి బహుమతులిచ్చి వారిని స్త్రీలుగా అంగీకరిస్తుంది. కత్తి ఉండదు. ఇది అన్నిచోట్ల పనిచేయదని తరువాత పరిశీలించినవారు చెప్పారు. ఛేదనము యౌవన ప్రవేశమునకు గురుతుగా లేని జాతులలో, ఉదాహరణకు పసిపిల్లలకే చేయుచోట, ఈ వేడుకకు అర్థముండదు. కెన్యా పార్లమెంటు 2011లో దీనిని నిషేధించుచు ప్రత్యేక చట్టము చేసినది. 1998లో 38 శాతముగా ఉన్న ఛేదనము 2022 సర్వేలో 15 శాతమునకు దిగినది. ఇందులో చట్టము పాలు ఎంతయో, బడి పాలు ఎంతయో, తల్లుల పాలు ఎంతయో విడదీయుట కష్టము.

తల్లులు అన్నప్పుడు మాకు మిరియాము గుర్తుకు వచ్చినది. నవలలో ఆమె మాటలు బహు కొద్ది. ఆమె సున్నతి పొందినది, జాషువా దేవునికి భయపడినది, కుమార్తెను పోగొట్టుకొన్నది. మానని గాయము ఎట్లుండునో ఆ యింటిలో తన శరీరమున ఎరిగియుండదగిన మనిషి ఆమె ఒక్కతే. జాషువా ఆమెను అడుగలేదు, లివింగ్‌స్టన్ అడుగలేదు, కియామ అడుగలేదు, వైయాకి కూడ ఆమె యింటికి వచ్చిపోయెను గాని అడుగలేదు. థరాకాలో ఆ వారము దినములు బాలికలతో కూర్చుండినవారు మిరియామువంటి స్త్రీలే.